రంగురంగుల బాతిక్‌తో బొంత: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో బాతిక్ కాటన్ గురించి, అంటే మైనంతో డిజైన్ వేసి రంగులో ముంచిన బట్ట గురించి రెండు ముక్కలు రాశాం. ఆ తర్వాత వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు బొంతల మీదే ఉన్నాయి. అందరికీ పనికొచ్చేవి కొన్ని ఇక్కడ.

*మా అమ్మాయి హాస్టల్‌కి వెళ్తోంది. సింగిల్ మంచానికి సరిపోయేలా తనకో బాతిక్ బొంత కుట్టివ్వాలని ఉంది. నా దగ్గరున్నది మామూలు తొక్కుడు మిషన్. జాకెట్లు, లంగాలు కుట్టడం వచ్చు గానీ చిన్నచిన్న ముక్కలు కలిపి డిజైన్లు కుట్టే ఓపిక లేదు. శని, ఆదివారాల్లో పని అయిపోయే పద్ధతి ఉందా?*
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

ఉందండీ. ఇంకో మాట, బాతిక్‌కి చిన్న ముక్కల డిజైన్లు అసలు అక్కర్లేదు. ఒక్క గుడ్డలోనే నాలుగైదు ఛాయలుంటాయి, మైనం పగిలిన చోట రంగు దిగి సన్నటి గీతలు పడతాయి, ఇదంతా ముక్కముక్కలు చేస్తే కంటికి కనబడకుండా పోతుంది. పొడుగు పట్టీలు, తిన్నటి కుట్లు చాలు, మిగతా పని బట్టే చూసుకుంటుంది.

44 అంగుళాల పన్నా ఉన్న బాతిక్ ఎనిమిది రంగుల్లో, రంగుకి అర మీటరు చొప్పున తీసుకోండి. ఉతకడం, ఆరేయడం శుక్రవారానికే అయిపోవాలి. బట్ట కొంచెం కుంచించుకుపోయినా ఒక్కో అర మీటరులో రెండున్నర అంగుళాల వెడల్పు పట్టీలు ఏడు వస్తాయి, అంటే మొత్తం 56. బొంతకి కావలసినవి 40, చుట్టూ అంచుకి ఏడు పోతాయి, మిగిలినవాటితో దిండు గలీబు మీదకి ఏదైనా చేసుకోవచ్చు. గుడ్డని పన్నా వైపు నాలుగు మడతలు పెట్టి, స్కేలు పెట్టి చాక్‌తో గీసి కోయండి. చింపితే తొందరగా అవుతుంది గానీ అంచులు సాగి అలలు తేలతాయి, తర్వాత కుట్టు నిలబడదు.

ఇప్పుడు 40 పట్టీలనూ కలగాపులగంగా, ఒకే రంగు పక్కపక్కన పడకుండా మాత్రం చూసుకుంటూ, కొసకి కొస కలిపి ఒకే పొడుగు పట్టీగా కుట్టేయండి. పావు అంగుళం మార్జిన్ చాలు. దాదాపు 1660 అంగుళాల పట్టీ తయారవుతుంది. దాని మొదటి కొస నుంచి 18 అంగుళాలు కోసి పక్కన పెట్టండి. ఎందుకంటే అలా చేయకపోతే అతుకులన్నీ ఒకే చోట వరసగా వచ్చి పడతాయి.

తర్వాత పట్టీ రెండు కొసలూ పట్టుకుని మంచివైపు లోపలికి వచ్చేలా సగానికి మడిచి, ఒక అంచు వెంట చివరిదాకా కుట్టుకుంటూ పోండి. మడత దగ్గరికి రాగానే మడతను కత్తెరతో కోసేసి కుట్టు పూర్తి చేయండి. అప్పటికి రెండు పట్టీల వెడల్పు అవుతుంది. దాన్ని మళ్లీ సగానికి మడిచి మళ్లీ కుట్టాలి. ఇలా ఐదుసార్లు. ప్రతిసారీ పొడుగు సగమవుతుంది, వెడల్పు రెట్టింపవుతుంది. ఐదోసారికి ఇంచుమించు 51 అంగుళాలకి 64 అంగుళాల గుడ్డ మీ చేతిలో ఉంటుంది. ఏ రంగు పక్కన ఏది వస్తుందో ముందుగా తెలియదు, అదే ఈ పద్ధతిలో సరదా.

జాగ్రత్తపడాల్సింది మొదటి మడతలోనే. అంత పొడుగు పట్టీ నేల మీద పడి మెలితిరుగుతుంది, ఒక్క మెలి ఉన్నా చివర్లో గుడ్డ వంకరగా వస్తుంది. పట్టీని ఒక బకెట్లోకి వరుసగా మడతలు పేర్చి అక్కణ్నుంచి లాక్కుంటూ కుడితే ఈ గొడవ ఉండదు. ఈ ఐదు కుట్లకే దాదాపు 40 మీటర్ల కుట్టు పడుతుంది, కాబట్టి రెండు మూడు బాబిన్లు ముందే నింపి పెట్టుకోండి. ప్రతి కుట్టు తర్వాతా మార్జిన్లను ఒక వైపుకి తిప్పి ఇస్త్రీ చేయాలి, ఇది మానేస్తే ఎంత బాగా కుట్టినా ఉబ్బెత్తుగా కనిపిస్తుంది.

సింగిల్ మంచానికి ఇది చిన్నదే. నాలుగు వైపులా ఆరంగుళాల బోర్డరు వేస్తే 63కి 76 అవుతుంది, హాస్టల్ మంచానికి చక్కగా సరిపోతుంది. బోర్డరుకి ముదురు నీలమో, మెరూనో, ఒకే రంగు గుడ్డ ఒకటింబావు మీటరు ఉంటే చాలు.

మిషన్ సంగతి. బాతిక్ మామూలు కాటన్ కంటే ఒత్తుగా నేసి ఉంటుంది, 16 నంబరు మొద్దు సూదితో కుడితే టకటక శబ్దం వస్తుంది, దారం ముడతలు పడుతుంది. 11 నంబరు కొత్త సూది వేయండి. తప్పు కుట్టు విప్పితే ఈ బట్ట మీద రంధ్రాలు కనబడతాయి, కొత్త సూదితో ముందు పనికిరాని ముక్క మీద కుట్టి చూసుకోండి.

*బాతిక్ రంగు పోతుందని భయంగా ఉంది. ఉప్పు, వెనిగర్ వేసిన నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందంటారు, నిజమేనా? ఉతక్కుండా కుట్టేస్తే ఏమవుతుంది?*
– ఒక పాఠకురాలు, కరీంనగర్

తొందరలో ఉన్నా ఉతకడం మాత్రం మానకండి. ఎర్ర పట్టీ పక్కన లేత పసుపు పట్టీ కుట్టి, బొంత అంతా పూర్తయ్యాక మొదటి ఉతుకులో పసుపంతా గులాబీ మరకలైతే చేసిన పనంతా వృథా.

అద్దకం అయిపోయిన గుడ్డకి ఉప్పు, వెనిగర్ పెద్దగా సాయం చేయవు. ఉప్పుకి పనుండేది అద్దకం వేసేటప్పుడే, ఆ తర్వాత కాదు. మైనం వేడికి కరుగుతుంది కాబట్టి బాతిక్‌కి చల్లటి నీళ్లలో పట్టే రంగులే వాడతారు. వాటిలో కొన్ని దారంలోకి పూర్తిగా దిగవు, పైపైన ఉండిపోతాయి. అలా మిగిలిపోయిన రంగే కారేది. దాన్ని కడిగి పంపేయడమే దారి.

ఒక్కో రంగునీ వేరే టబ్బులో, చల్లటి నీళ్లలో, కొద్దిగా షాంపూ లాంటి సున్నితమైన సబ్బు వేసి అరగంట నానబెట్టండి. నీళ్లు తేటగా వచ్చేదాకా మార్చండి. తర్వాత తడిగా ఉండగానే తెల్ల కర్చీఫుతో గట్టిగా రుద్ది చూడండి. నాలుగు ఉతుకుల తర్వాత కూడా కర్చీఫుకి రంగంటుతోందంటే ఆ గుడ్డని బొంతలో పెట్టకండి, ఎంత నచ్చినా సరే. ముదురు ఎరుపు, నలుపు, ముదురు నీలం దగ్గర ఈ పరీక్ష తప్పనిసరి.

*మా ఊళ్లో పెడన కలంకారీ బాగా దొరుకుతుంది. రెండూ కలిపి కుట్టొచ్చా?*
– ఒక పాఠకురాలు, మచిలీపట్నం

కలపొచ్చు. కాకపోతే కలంకారీ రంగుకీ పై పరీక్షే చేయండి, ఇంకా బట్ట మందం చూసుకోండి. పల్చటి కలంకారీని ఒత్తైన బాతిక్‌కి కుడితే పల్చటిది ముడత పడుతుంది. రెంటినీ వేళ్ల మధ్య పట్టి చూసి దగ్గరదగ్గరగా ఉన్నవే తీసుకోండి. బోర్డరంతా కలంకారీ, మధ్యలో బాతిక్ అంటే ఇంకా బాగుంటుంది. పట్టీకొకటి మార్చితే రెండు రకాల డిజైన్లూ ఒకదాన్నొకటి మింగేస్తాయి.

*ఇక్కడ షాపుల్లో 40 బాతిక్ పట్టీలు చుట్టగా చుట్టి అమ్ముతున్నారు. అవి కూడా ఉతికే కుట్టాలా?*
– ఒక పాఠకురాలు, డాలస్

వద్దు. కోసేసిన రెండున్నర అంగుళాల పట్టీలను ఉతికితే అంచులు దారాలు పోసి ఒకదానికొకటి ముడులు పడతాయి, వాటిని విప్పుతూ కూర్చోవాలి. మీరు నేరుగా కుట్టేయండి. బొంత పూర్తయ్యాక మొదటి ఉతుకు చల్లటి నీళ్లలో, రంగు పీల్చుకునే కాగితాలు మీ దగ్గర సూపర్ మార్కెట్లలోనే దొరుకుతాయి కదా, అవి మూడు నాలుగు వేసి ఉతకండి. ఆరేసే ముందు చూడండి, ఎక్కడైనా రంగంటితే ఆరనివ్వకుండా వెంటనే మళ్లీ ఉతకాలి. ఆరిపోయిన మరక మొండిగా ఉంటుంది. ఇంకోటి, ఆ పట్టీల అంచు రంపపు పళ్లలా కోసి ఉంటే, పావు అంగుళం మార్జిన్‌ని పంటి కొస నుంచే కొలవండి.

*అసలు బాతిక్, బాతిక్ ప్రింటు తేడా ఎలా తెలుసుకోవాలి? షాపువాళ్లు అన్నీ ఒకటే అంటున్నారు.*
– ఒక పాఠకుడు, హైదరాబాద్

గుడ్డ తిరగేసి చూడండి. మైనం వేసి రంగులో ముంచిన బట్ట రెండు వైపులా ఇంచుమించు ఒకేలా ఉంటుంది, ఏది మంచివైపో చెప్పడం కష్టం. ప్రింటు అయితే వెనక వెలిసినట్టు ఉంటుంది. తర్వాత ఆ సన్నటి పగుళ్ల గీతల్ని చూడండి. ఒక పువ్వు మీద ఉన్న గీతలే అడుగు దూరంలో ఇంకో పువ్వు మీద అచ్చంగా అలాగే ఉంటే అది మిషన్ ప్రింటు. నిజమైన మైనం ఏ రెండు చోట్లా ఒకేలా పగలదు.

జావాలో రాగి మొన ఉన్న చిన్న కలంతో మైనం గీస్తారు, రాగి అచ్చులతో కూడా వేస్తారు. ఆ కళని యునెస్కో 2009లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. మన దేశంలో కచ్‌లోని ముంద్రా, ఉజ్జయిని పక్కన భేరూగఢ్ బాతిక్‌కి పేరు పడ్డాయి. శాంతినికేతన్ బాతిక్ చీరలు, తోలు సంచులు మీరు చూసే ఉంటారు. చేత్తో చేసిన బట్ట ఖరీదు ఎక్కువే, కానీ బొంతకి మాత్రం అదే తీసుకోమంటాను. పట్టీని ఏ వైపు తిప్పి కుట్టినా తేడా తెలియదు, తొందరగా కుట్టేవాళ్లకి ఇది ఎంత హాయో కుడితే తెలుస్తుంది. కొత్త గుడ్డ చేతికి జిడ్డుగా తగిలితే లోపల మైనం కొంచెం మిగిలినట్టు. అచ్చు లేని ఖాళీ కాగితాల మధ్య పెట్టి ఇస్త్రీ చేయండి, కాగితం పీల్చేస్తుంది. వార్తాపత్రిక మాత్రం వాడకండి, సిరా అంటుతుంది.

*ఎనిమిది రంగులంటే ఎలా ఎంచుకోవాలి? పై గుడ్డ కుట్టేశాక లోపల ఏం పెట్టాలి? మాది ఎండల ఊరు, దూది బొంత కప్పుకోలేం.*
– ఒక పాఠకురాలు, ఒంగోలు

బాతిక్ కొనేటప్పుడు చేయి ముదురు రంగుల మీదకే పోతుంది. నీలం, ఊదా, పచ్చ, మెరూన్ అన్నీ ముదురువే తీసుకుంటే కుట్టాక దూరం నుంచి మొత్తం ఒకే బురద రంగులా కనిపిస్తుంది. ఎనిమిదిలో కనీసం మూడు లేతవి ఉండాలి: నిమ్మపండు పసుపు, లేత ఆకుపచ్చ, గోధుమ రంగు లాంటివి. షాపులోనే ఎనిమిదీ వరసగా పరిచి ఫోన్లో నలుపు తెలుపు ఫోటో తీయండి. లేతవీ ముదురువీ విడివిడిగా తెలిస్తే కొనేయండి.

లోపలికి పాత కాటన్ చీరను మించింది లేదు, మన అమ్మమ్మల బొంతల్లో ఉన్నదీ అదే. అంచులు, జరీ తీసేసి 80 అంగుళాల పొడుగు ముక్కలు రెండు పక్కపక్కన అతికితే, పైన చెప్పిన బొంత మొత్తానికి ఒక పొర ఒక్క చీరలోనే వచ్చేస్తుంది. ఎండాకాలానికి ఒక పొర, ఏసీ గదికి రెండు. సింథటిక్ కలిసిన చీర పెట్టకండి, చెమట పీల్చదు. అడుగుకి డబుల్ బెడ్‌షీటు ఒకటి, ఉతికినది వాడితే మధ్యలో అతుకే ఉండదు.

మూడు పొరలూ నేల మీద ముడతల్లేకుండా పరిచి, జానెడుకో పిన్నీసు పెట్టండి. మిషన్ మీద పొడుగు పట్టీల కుట్టు పక్కనే తిన్నగా కుట్టుకుంటూ పోవచ్చు, అప్పుడు సూది 14 నంబరుకి మార్చి, కుట్టు కొంచెం పెద్దది చేసుకోండి. మొదటి కుట్టు బొంత మధ్యలో వేసి అక్కణ్నుంచి అంచులవైపు వెళ్లాలి, లేకపోతే గుడ్డంతా మధ్యలోకి పోగవుతుంది. అంత బరువు మిషన్ కింద తిప్పలేమనుకుంటే ఎంబ్రాయిడరీ దారంతో పరుపులకి వేసినట్టు అయిదంగుళాలకో ముడి వేసేయండి. టీవీ చూస్తూ ఒక సాయంత్రంలో అయిపోతుంది, ఉతికినా పొరలు కదలవు. ముడి మాత్రం రెండుసార్లు బిగించి, దారం కొసలు అర అంగుళం వదిలి కోయండి.