డ్రూయిడ్ అవుతున్న మా చిన్నోడికి

చిన్నా,

నిన్న అన్నయ్య ఫోన్‌లో మామిడికాయల సంగతి మాట్లాడుతూ మధ్యలో, "నీ మేనల్లుడు కూడా నీలాగే ఆ ఆటలో పడ్డాడమ్మా, ఏదో వైద్యుడట, మళ్ళీ ఎలుగుబంటట" అన్నాడు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట అని నాకు అప్పుడే అర్థమైంది. జంతువుల రూపాలు మార్చుకునే డ్రూయిడ్ అని కూడా అర్థమైంది. చెప్పొద్దూ, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళకి మన ఇంట్లో ఇంకొకరు ఆ దారిలో నడుస్తున్నారు కదా అని.

తర్వాత నీకు మెసేజ్ పెడితే "హార్డ్‌కోర్ అత్తా, మేము ఐదుగురం, నేనే హీలర్‌ని" అన్నావు. అక్కడ గుండె జారిపోయింది. 2023 ఆగస్టులో ఆ సర్వర్లు మొదలైనప్పుడే నేను చదివాను, ఒక్కసారి చస్తే ఆ పాత్ర కథ అంతే అని. మేము ఆడిన రోజుల్లో చచ్చినా దెయ్యమై శ్మశానం నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి మన శరీరంలో మళ్ళీ దూరేవాళ్ళం. నీకు ఆ దారి లేదు. హీలర్‌వి, అంటే జట్టుకి వైద్యుడివి, నలుగురి ప్రాణాలు నీ చేతిలో పెట్టుకుని వెళ్తున్నావు. అందుకే రాత్రంతా కూర్చుని ఇది రాస్తున్నాను. విసుక్కోకుండా చివరిదాకా చదువు.

ముందు కరెంటు సంగతి. ఎండాకాలంలో రాజమండ్రిలో మధ్యాహ్నం కరెంటు పోతుందని నాకు తెలుసు. నెట్ తెగినంత మాత్రాన నీ పాత్ర వెంటనే మాయమవదు, కాసేపు అక్కడే బొమ్మలా నిలబడి ఉంటుంది. ఎదురుగా శత్రువు ఉంటే వాడు కొడుతూనే ఉంటాడు. కంప్యూటర్‌కి ఇన్వర్టర్ ఉంటే చాలదు, రౌటర్‌ని కూడా దాని మీదే పెట్టు. డబ్బులు నేను పంపిస్తాను, నాన్నని అడగొద్దు. మబ్బు పట్టిన రోజు అసలు గుహల్లోకి వెళ్ళకు.

గుహ అన్నాను కాబట్టి అదీ చెప్పేస్తాను. డ్రూయిడ్‌కి అడవి తల్లి లాంటిది. ఆరుబయట ఉన్నంతసేపు శత్రువు కాళ్ళని వేళ్ళతో కట్టేయగలవు, ముప్పయ్యో లెవెల్ దాటితే చీతావై పారిపోగలవు. లోపలికి అడుగు పెట్టావో, ఈ రెండూ పనిచెయ్యవు. వేళ్ళు మొలవడానికి మట్టి ఉండాలి, పరిగెత్తడానికి ఆకాశం ఉండాలి. చాలామంది కుర్రాళ్ళు ఇది గుహ మధ్యలో తెలుసుకుంటారు. నువ్వు బయట ఉండగానే తెలుసుకో.

ఏ జాతి తీసుకున్నావో చెప్పలేదు. క్లాసిక్‌లో, అంటే మళ్ళీ తెచ్చిన ఆ పాత ఆటలో, డ్రూయిడ్‌కి రెండే దారులు, నైట్ ఎల్ఫ్ లేదా టారెన్. నేను టారెన్‌ని. 2006లో మీ మామయ్య ఉద్యోగం మీద న్యూజెర్సీ వచ్చాం. నాది హెచ్-4 వీసా. అప్పట్లో దాని మీద ఉద్యోగం చేసే వీలు లేదు, 2015లో గానీ కొందరికి ఆ అవకాశం రాలేదు. ఎం.సి.ఏ. చదివి, హైదరాబాదులో రెండేళ్ళు పనిచేసి, అక్కడికెళ్ళి పొద్దున్నుంచి సాయంత్రం దాకా అపార్ట్‌మెంట్ కిటికీలోంచి పార్కింగ్ స్థలం చూస్తూ కూర్చునేదాన్ని. మామయ్య తోటి ఉద్యోగి ఎవరో ఈ ఆట ఇచ్చారు. పాత్ర ఎంచుకునే తెరమీద కొమ్ములతో, ఎద్దు ముఖంతో ఆ టారెన్ కనిపించగానే తాతయ్య కొట్టంలోని ఒంగోలు గిత్తలు గుర్తొచ్చాయి. ఇంకేమీ చూడలేదు, అదే తీసుకున్నాను. మొదటిసారి టారెన్‌ల సీమ మల్గోర్ పచ్చిక బయళ్ళు చూసినప్పుడు చాలాసేపు ఊరికే నడిచాను. ఎవరినీ కొట్టలేదు. గంటసేపు పూలు కోశాను. టారెన్‌లకి మూలికలు ఏరడంలో పుట్టుకతోనే నైపుణ్యం ఎక్కువ, నువ్వూ అదే జాతి అయితే హెర్బలిజం తప్పకుండా నేర్చుకో, మందులు కొనే ఖర్చు తగ్గుతుంది.

పదో లెవెల్‌లో ఎలుగు రూపం కోసం డ్రూయిడ్‌ల చోటు మూన్‌గ్లేడ్‌కి పిలుస్తారు. ఎలుగుబంటి ఆత్మ మాట్లాడుతుంది. తొందరగా క్లిక్ చేసి దాటెయ్యకు, చదువు. పదహారులో నీటి రూపం కోసం లోతు నీళ్ళలో మునగాలి, ఊపిరి పట్టీ మీదే కన్ను ఉంచు. ఇరవైకి పిల్లి రూపం. నలభైకి పెద్ద ఎలుగు, దాని కవచం బలం చూస్తే నీకే ధైర్యం వస్తుంది. ఆ రూపాల్లో ఉన్నప్పుడు చేతిలో ఆయుధం ఎంత పదునైనదైనా దాని దెబ్బ లెక్కలోకి రాదు, అది ఇచ్చే బలం, చురుకుదనం లాంటివే లెక్క. అందుకని కత్తుల కోసం స్నేహితులతో పోట్లాడకు. వైద్యానికి వేరే బట్టలు, కొట్టడానికి వేరే బట్టలు, రెండు జతలూ సంచీలో పెట్టుకో. టారెన్ అయితే కాలు నేలకేసి కొట్టి చుట్టూ ఉన్నవాళ్ళని రెండు సెకన్లు స్తంభింపజేసే విద్య ఉంది. ఆ రెండు సెకన్లూ వైద్యం కోసం దాచుకో.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మామయ్యకి కూడా పూర్తిగా చెప్పలేదు.

2006 డిసెంబరు. నా లెవెల్ 47. మేము ఐదుగురం ప్రతి మంగళవారం కలిసేవాళ్ళం. మా ట్యాంక్, అంటే ముందు నిలబడి దెబ్బలు కాచుకునేవాడు, ఒక వారియర్. ఒహాయోలో లారీ నడిపేవాడు. పాప నిద్రపోయాక దొరికే రెండు గంటలే అతని ఆట. వాళ్ళందరూ మైక్‌లో మాట్లాడుకునేవాళ్ళు. నేను వినేదాన్ని, టైప్ చేసేదాన్ని, కానీ ఏనాడూ మాట్లాడలేదు. షాపులో నేను ఒక మాట అంటే రెండుసార్లు "ఏంటి?" అని అడిగేవాళ్ళు. ఆ "ఏంటి?" ఇక్కడ కూడా వినాల్సి వస్తుందేమోనని భయం. ఈ నలుగురికీ నేను మంచి హీలర్‌ని, అంతే. అది చాలనుకున్నాను.

ఆ వారం జుల్'ఫరాక్ వెళ్ళాం, టనారిస్ ఎడారిలోని ట్రోల్‌ల నగరం. నువ్వూ వెళ్తావు, ఆ మెట్లు నీకూ ఎదురవుతాయి. పిరమిడ్ పైన తలారిని చంపి, బోనుల్లో ఉన్న బ్లై అనేవాణ్ణీ అతని మనుషులనీ విడిపించాలి. వెంటనే కింద నుంచి ట్రోల్‌లు అలలు అలలుగా మెట్లెక్కి వస్తారు. విడిపించిన ఖైదీలు మన పక్షాన పోరాడతారు. వాళ్ళలో ఒకరు వైద్యం కూడా చేస్తారు. దాంతో నాకు తీరిక దొరికింది. తీరిక దొరికేసరికి చేతులు ఊరుకోలేదు. పిల్లినై దూకాను. గోళ్ళతో చీల్చడంలో ఉండే ఆ వేగం, ఆ కసి, అవతల పార్కింగ్ స్థలం చూస్తూ గడిపిన పగళ్ళన్నీ ఒక్కసారి మర్చిపోయినట్టు ఉండేది. ఎవరికైనా దెబ్బ తగిలితే మనిషినై ఒక వైద్యం, మళ్ళీ పిల్లి. ఇలా నాలుగైదు సార్లు. రూపం వదలడానికి ఏమీ ఖర్చు లేదు, కానీ రూపంలోకి వెళ్ళిన ప్రతిసారీ మనా, అంటే వైద్యానికి కావాల్సిన మంత్రశక్తి, పోతుంది. అది నాకు తెలుసు. తెలిసి కూడా చేశాను.

ఇక్కడ బాగా విను. నువ్వు పిల్లిగానో ఎలుగుగానో ఉన్నప్పుడు నీ పేరు కింద మనా చూపించే నీలం పట్టీ కనబడదు. పిల్లి శక్తి పసుపు రంగులో, ఎలుగు కోపం ఎర్రగా కనబడతాయి. నీ జట్టుకి నీ మనా ఎంతుందో తెలియదు. ఆ రోజుల్లో నాకు కూడా తెలిసేది కాదు, మళ్ళీ మనిషిగా మారితేనే చూసుకోగలం.

చివరి అల అయిపోయింది. కింద ఇద్దరు నాయకులు ఉన్నారు, వాళ్ళలో ఒకడు తనవాళ్ళకి వైద్యం చేస్తాడు, మనల్ని భయపెట్టి చెల్లాచెదురు చేస్తాడు. బ్లై మనుషులు మెట్లు దిగడం మొదలెట్టారు. ట్యాంక్ మైక్‌లో "హీలర్, రెడీయా?" అన్నాడు. నేను మనిషినయ్యాను. నీలం పట్టీ అడుగంటి ఉంది. మహా అయితే ఒక చిన్న వైద్యానికి సరిపోతుంది.

ఒక్క మీట నొక్కి "ఆగండి" అంటే సరిపోయేది. మాట్లాడలేకపోతే మనా లేదనే అర్థంలో OOM అని మూడక్షరాలు టైప్ చేస్తే సరిపోయేది. ముప్పై సెకన్లు కూర్చుని నీళ్ళు తాగేదాన్ని. చెయ్యలేదురా. హీలర్‌వి నువ్వు మనా అంతా గోళ్ళకి తగలేశావా అంటారేమోనని. మంచి హీలర్‌ని అన్న ఒక్క పేరూ పోతుందేమోనని. ఏమీ అనకుండా నిలబడ్డాను. నేను ఏమీ అనకపోవడాన్ని అతను సరే అనుకున్నాడు. దిగి వెళ్ళాడు.

ముందు అతనే పడిపోయాడు. పోరాటం మధ్యలో ఒకరిని లేపే విద్య డ్రూయిడ్‌కి ఉంది కదా, దానికి ఆష్‌వుడ్ విత్తనం కావాలి. సంచీ తెరిస్తే పూలున్నాయి, తోళ్ళున్నాయి, విత్తనం ఒక్కటి లేదు. ఊళ్ళో కొనడం మర్చిపోయాను. తర్వాత మెజీషియన్, తర్వాత అందరం. బ్లై మనుషులు కూడా పోయారు. వాళ్ళలో ఒకడు తలుపు పేల్చాలి, ఆ తలుపు వెనకే మా ట్యాంక్ నెలరోజులుగా వెతుకుతున్న కత్తి దొరికే నాయకుడు ఉంటాడు. ఆ కత్తికి జత కత్తి అప్పటికే అతని దగ్గర ఉంది. రెండూ కలిపితే పెద్ద ఖడ్గం అవుతుంది.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అతనే నెమ్మదిగా, "ఏమైంది, నెట్ పోయిందా?" అని అడిగాడు.

"అవును" అని టైప్ చేశాను.

"అయ్యో, ఫర్వాలేదు. లేపడానికి విత్తనం ఉందా?" అన్నాడు. లేదన్నాను. "పాప లేచింది, వచ్చే వారం చూద్దాం" అని వెళ్ళిపోయాడు.

రెండు రోజుల తర్వాత ఆటలో నా పోస్టుపెట్టె దగ్గరికి వెళ్తే అతని ఉత్తరం ఉంది. ఇరవై ఆష్‌వుడ్ విత్తనాలు. కింద ఒకే మాట, "మంగళవారం?" అని. అది చూసి నేను జవాబు రాయలేకపోయాను. తను నన్ను నమ్మి పంపించాడు, నేను అబద్ధం చెప్పాను. ఆ మంగళవారం వెళ్ళలేదు. ఆ పై వారమూ వెళ్ళలేదు. మామయ్య అడిగితే తలనొప్పి అన్నాను. జనవరిలో ఆటకి బర్నింగ్ క్రూసేడ్ అనే కొత్త భాగం వచ్చింది, అందరూ కొత్త లోకానికి పోయారు. నేను ధైర్యం తెచ్చుకుని ఫ్రెండ్స్ లిస్టు తెరిచేసరికి అతని పేరు బూడిద రంగులో ఉంది. నెలల తరబడి చూశాను. మళ్ళీ వెలగలేదు. నేను నిజం చెప్పి ఉంటే నవ్వేసేవాడు. అలాంటి మనిషే అతను.

అందుకే చిన్నా, మిగతావన్నీ మర్చిపోయినా ఇది మర్చిపోకు. మనా సగానికి వస్తే గట్టిగా చెప్పు. పావుకి వస్తే మళ్ళీ చెప్పు. తప్పు నీదే అయినా, మరీ ముఖ్యంగా తప్పు నీదైనప్పుడు చెప్పు. రూపంలో ఉన్నా మనా చూపించే యాడాన్‌లు, అంటే ఆటకి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, ఇప్పుడు ఉన్నాయి, ఒకటి వేసుకో, కానీ అది నీకు మాత్రమే చూపిస్తుంది, వాళ్ళకి కాదు. వాళ్ళకి నీ నోరే చెప్పాలి. చిన్నప్పటి నుంచి నిన్ను చూస్తున్నాను. సైకిల్ మీంచి పడి మోకాలు చీరుకుంటే ప్యాంటు కిందికి లాక్కుని రెండు రోజులు దాచిన పిల్లాడివి నువ్వు. అది నా పోలికే, నాకు తెలుసు. మీ నాన్న ఇప్పటికీ ఆ మచ్చ చూపించి నన్నే తిడతాడు.

నీ జట్టులో ఎవరైనా పడిపోతే ఇక లేపడానికి లేదు, నా విత్తనాల కథ నీకు అక్కరకు రాదు. కాబట్టి పిల్లిగా దూకే ముందు ప్రతిసారీ ఒక్క క్షణం లెక్క వేసుకో: మళ్ళీ మనిషినయ్యాక ఇద్దరిని కాపాడేంత మనా ఉంటుందా? లేకపోతే దూకకు. వెనకాల నిలబడు. కొట్టే సరదా తీర్చుకోవడానికి ఒంటరిగా ఉన్నప్పుడు అడవంతా నీదే. ఖర్చు పెట్టడం ఆపిన ఐదు సెకన్ల తర్వాతే మనా సరిగ్గా ఊరడం మొదలవుతుంది, ఆ ఐదు సెకన్లు ఓపిక పట్టడం నేర్చుకో. ప్రతి దెబ్బకీ పెద్ద వైద్యం వాడకు, అదే వైద్యానికి తక్కువ మనా పట్టే పాత చిన్న ర్యాంకులు కూడా బార్ మీద ఉంచుకో.

అన్నం తిన్నాకే కూర్చో. తెల్లవారుజామున మూడింటికి గుహలోకి వెళ్దామని ఎవడైనా అంటే వద్దను, నిద్రమత్తులో పోయిన పాత్రలు చాలా ఉంటాయి. సెమిస్టర్ పరీక్షల సంగతి నేను ఎత్తను, అది మీ నాన్న ఎలాగూ ఎత్తుతాడు. నీ స్నేహితుల్లో మాట్లాడకుండా ఉండేవాళ్ళు ఎవరైనా ఉంటే, ఒకసారి వాళ్ళని నువ్వే పేరు పెట్టి పలకరించు.

మూన్‌గ్లేడ్ చేరి ఎలుగుబంటి ఆత్మతో మాట్లాడిన రోజు నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా ఫర్వాలేదు, ఇక్కడ నాకు పగలే.

మీ అత్త