పిన్నిగారి వంటింటి జవాబులు: డబ్బాలో కరగని ఉండలు

ప్రశ్న: పిన్నిగారూ, మా బాబుకి నాలుగేళ్లు, ఎల్‌కేజీ. పాపకి ఏడాదిన్నర. బాబుకి బిస్కెట్లు మాన్పిద్దామని ఒక వీడియో చూసి ఓట్స్, పీనట్ బటర్, తేనె, చాక్లెట్ ముక్కలు కలిపి ఉండలు చేశాను. ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు బాగానే ఉన్నాయి. స్కూల్ బాక్స్‌లో పెడితే పదకొండింటికల్లా ముద్దయిపోయాయి. ఓట్స్ నోటికి తగులుతున్నాయని వాడు ఉమ్మేస్తున్నాడు కూడా. ఇంట్లో ఒవెన్ లేదు, పొద్దున్నే ఆఫీసు పరుగు. ఏం చేయను? పాపకీ పెట్టచ్చా?
– ఒక అమ్మ, పటమట, విజయవాడ

జవాబు: తప్పు నీ చేతిది కాదమ్మా, మన ఎండది. నెయ్యి అయినా చాక్లెట్ అయినా 35 డిగ్రీలు రాకుండానే మెత్తబడిపోతాయి. ఏప్రిల్‌లో బెజవాడ 40 అందుకుంటుంటే అవి బాక్స్‌లో ఎలా నిలబడతాయి? మా సత్యనారాయణపురం ఇంట్లో ఎండాకాలం సున్నుండలే చతికిలబడి కూర్చుంటాయి. అందుకని ఉండని పట్టి ఉంచే పని ఖర్జూరానికి అప్పజెప్పు. అది ఎండకి కరగదు. ఒవెన్ గురించి బెంగ దేనికి? మన ఉండల్లో దేనికి కావాలి ఒవెన్!

ఒక గ్లాసు వేరుశనగ గుళ్లు సన్నసెగ మీద వేయించి, చల్లారాక పొట్టు చెరుగు. అర గ్లాసు పుట్నాలపప్పు తీసుకో. ఓట్స్ వదిలెయ్, గుప్పెడు అటుకులు చాలు. వేళ్ల మధ్య నలిపితే పొడైపోయేదాకా వేయించాలి. మూడూ మిక్సీలో ఆపి ఆపి తిప్పు. ఒకే బిగిన తిప్పావంటే గుళ్లలో నూనె పైకొచ్చి మొత్తం గిన్నెకి అతుక్కుంటుంది. పదిహేను, పద్దెనిమిది మెత్తటి ఖర్జూరాలు సన్నగా తరిగి, ఆ పొడిలో వేసి ఇంకోసారి తిప్పితే సరి. గింజ తీసినవని ప్యాకెట్ మీద ఉన్నా నమ్మకు, ఒక్కొక్కటీ చీల్చి చూడు. వన్‌టౌన్‌లో కొన్న అలాంటి ప్యాకెట్‌లోనే నాకు రెండు గింజలు దొరికాయి.

గుప్పిట్లో నొక్కి వదిలితే వేళ్ల అచ్చు అలాగే నిలవాలి. రాలిపోతుంటే ఇంకో రెండు ఖర్జూరాలు వెయ్యి. నీళ్లు మాత్రం చల్లకు, తడి తగిలితే బూజుకి దారి ఇచ్చినట్టే. ఆదివారం చేసి మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకుంటే వారం వస్తాయి. పొద్దున్నే రెండు తీసి బాక్స్‌లో వేసుకోవడమే.

రెండే. ఖర్జూరమైనా, బెల్లమైనా, తేనె అయినా తీపి తీపే. 'హెల్దీ' అన్నాం కదా అని అరడజను పెడితే అన్నం ముందు కూర్చోడు. పైగా పళ్లకి అతుక్కుంటుంది. తిన్నాక నీళ్లు పుక్కిలించమని చెప్పు. స్నేహితుడికి పంచితే ఆ పిల్లాడికి వేరుశనగ పడకపోవచ్చు, టీచర్‌తో ఓ మాట అనుకో.

ఇక పాప సంగతి. మా మనవడికి రెండేళ్లప్పుడు ముద్దొచ్చి పల్లీ ఉండ విరిచి నోట్లో పెట్టాను. నవ్వుతూ గదంతా పరుగెత్తుతున్నాడు. ఒక బద్ద గొంతులో అడ్డుపడింది. దగ్గు కూడా రాలేదు, మొహం నల్లబడిపోయింది. మా కోడలు వాణ్ని ఒళ్లో బోర్లా వేసుకుని వీపు మీద నాలుగు చరిస్తే బయటపడింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలకి గుళ్లు గానీ బద్దలు గానీ ఇవ్వం. గోలీకాయలా గుండ్రంగా కూడా చెయ్యను, గొంతుకి బిరడాలా సరిగ్గా అమరేది ఆ ఆకారమే. బాబుకి కూడా పొడి మెత్తగా జల్లించి, అరచేతిలో అదిమి బిళ్లల్లా చెయ్యి. కూర్చోబెట్టి తినిపించు.

పాపకి బిళ్ల కూడా వద్దు. ఖర్జూరం కలపకముందే ఆ పొడి రెండు చెంచాలు తీసి పక్కన పెట్టు. అరటిపండు మెదిపి అందులో కలిపితే తీపికి ఆ పండే చాలు. రెండేళ్లలోపు పిల్లకి బెల్లం, పంచదార అలవాటు చెయ్యకపోవడమే మంచిది. వేరుశనగ ఇదే మొదటిసారైతే పగలు, చిటికెడుతో మొదలుపెట్టు. దద్దుర్లు, వాంతి, ఊపిరి ఇబ్బంది కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. తేనె అంటావా, పాపకి ఏడాది దాటింది కాబట్టి ప్రమాదం లేదు. ఏడాదిలోపు పసివాళ్లకైతే నాలిక మీద రాయడం కూడా తప్పే, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. పెద్దవాళ్లు ఎవరైనా రాయబోతే మొహమాటపడకు.

ప్రశ్న: మా పాప ఆరేళ్లది. దానికోసం నువ్వుండలు చేస్తే రాళ్లలా వస్తున్నాయి.
– బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పాకం ముదిరిపోతోంది. అసలు ఆ పాకం టెన్షన్ ఎందుకు నీకు? నాగుల చవితికి చిమ్మిలి చేస్తారుగా, అదే చెయ్యి. నువ్వులు దోరగా వేయించి, చల్లారాక రోట్లో బెల్లం తురుముతో దంచు. కాసేపటికి నువ్వుల్లో నూనె ఊరి ముద్ద దానంతటదే దగ్గరకొస్తుంది. మిక్సీలోనూ వస్తుంది గానీ వేడెక్కితే నూనె కారుతుంది, మధ్యలో ఆపుతూ ఉండు.