ఇల్లు మారితే రాయితీ పోతుందా?

ప్రశ్న: తక్కువ ఆదాయం వల్ల మాకు కరెంటు బిల్లులో రాయితీ వచ్చేది. ఇల్లు మారాక ఆగిపోయింది. అర్హత పోయినట్లేనా?

జవాబు: కంగారుపడకండమ్మా. చాలా పథకాల్లో రాయితీ కనెక్షన్ నంబరుతో ముడిపడి ఉంటుంది, మనిషి వెంట రాదు. కొత్త నంబరుతో మళ్ళీ దరఖాస్తు చేయాలి. మా అమ్మకూ ఇలాగే జరిగింది. రాయితీ రెన్యువల్ ఉత్తరం పాత ఇంటి తలుపు కిందే ఉండిపోయింది. 4 నెలలు మందులు తగ్గించుకుని పూర్తి బిల్లు కట్టింది. తలచుకుంటే ఇప్పటికీ నా మనసు కలుక్కుమంటుంది.

బిల్లులో కట్టాల్సిన మొత్తం అంకెకు పైన రాయితీ వరుస ఉందేమో చూడండి. లేకపోతే ఈరోజే కరెంటు ఆఫీసులో అడగండి. చాలాచోట్ల ఆదాయ పరిమితి ఇంట్లోవారి సంఖ్యను బట్టి మారుతుంది. దరఖాస్తులో పసిపిల్లలతో సహా అందరినీ రాయండి. కనెక్షన్ ఇంటి యజమాని పేరున ఉంటే అద్దె ఒప్పందం తీసుకెళ్ళండి. పోయిన నెలల రాయితీ సర్దుబాటు చేస్తారేమో కూడా అడగండి.