పెద్దవాళ్ళు పక్కన లేకపోతే పిల్లలు కట్టు తప్పేదెందుకు?

పెద్దవాళ్ళు లేనిచోట పిల్లల మధ్య నియమాలు ఎందుకు నిలబడవు, మీరు కళ్ళారా చూశారా అని అడిగారు. చూసినాను. అనంతపురంలో హాస్టల్లో ఉండి హైస్కూలు చదివినోణ్ణి. నన్నడిగితే, పెద్దాయన లేకపోవడం కంటే, ఉన్నప్పుడు ఎట్లా ఉన్నాడన్నదే ముఖ్యం.

మా వార్డెన్ చేతిలో కర్ర లేకుండా కనపడేవాడు కాదు. నీళ్ళ తొట్టి దగ్గర బకెట్లు వరుసలో పెట్టాల, ముందొచ్చినోడిది ముందు. ఆయన వరండాలో కూర్చున్నంతసేపూ వరుస చెదిరేది కాదు. ఒక ఎండాకాలం ఆయన ఊరికి పోయినాడు. ట్యాంకరు వచ్చింది. కొట్లాటతో ఏమీ మొదలు కాలేదు. పదో తరగతి అన్న ఒకడు తన బకెట్టును కాలితో మెల్లిగా ముందుకు జరిపినాడు, అంతే. అందరం చూసినాం, ఎవరూ నోరెత్తలేదు. ఆ వెనకే ఇంకో నాలుగు బకెట్లు జరిగినాయి. కాసేపటికి ఆరో తరగతి పిల్లోళ్ళవి గోడ పక్కన బోర్లా పడి ఉన్నాయి. సాయంత్రానికి బేరాలు: "నీళ్ళు కావాలంటే నా చొక్కా ఉతుకు రా." ఆ బేరాల్లో ముందున్నది వార్డెన్ పెట్టిన లీడరే! వాణ్ణి మేం ఎన్నుకోలేదు కదా, అల్లరి చేసినోళ్ళ పేర్లు రాసివ్వడమే వాడి ఉద్యోగం.

అదే పిల్లోళ్ళు అదే సాయంత్రం గోలీలాటలో మాత్రం ఒద్దికగా ఉన్నారు. తొండి చేస్తే మరుసటి ఆటకు పిలవరు, పదో తరగతోడైనా సరే. పిల్లల ఆలోచన ఎట్లా ఎదుగుతుందో పరిశీలించిన మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే 1932లో అచ్చయిన పుస్తకంలో స్విట్జర్లాండు పిల్లల గోలీలాట గురించే రాసినాడు. చిన్నపిల్లలు నియమాలు పెద్దోళ్ళ దగ్గర్నుంచి వచ్చినాయి, మార్చకూడదు అంటారు, ఆడేటప్పుడు మాత్రం తోచినట్టు ఆడతారు. పదకొండు పన్నెండేళ్ళోళ్ళు అందరూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చంటారు, పాటించేదీ వాళ్ళే.

లెవిన్, లిపిట్, వైట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1939లో ప్రచురించిన ప్రయోగం మా హాస్టలు కథకు ఇంకా దగ్గరగా ఉంటుంది. అమెరికాలో పదేళ్ళ మగపిల్లల క్లబ్బులు. అన్నీ తనే ఆజ్ఞాపించే పెద్దాయన గది దాటంగానే అక్కడ పని ఆగిపోయేది. పిల్లల్తో మాట్లాడి పని పంచిన చోట ఆయన బయటికి పోయినా పని సాగేది. మా తొట్టి కథ ఇదే కదా!

పూర్తిగా పెద్దలే లేని ఉదాహరణ కావాలంటే పసిఫిక్ సముద్రంలోని టోంగా దేశం పిల్లలున్నారు. 1965లో బోర్డింగ్ స్కూలు నుంచి పారిపోయిన ఆరుగురు, అటా అనే దీవిలో చిక్కి పదిహేను నెలలు బతికినారు. పనులు వంతులేసుకున్నారు, నిప్పు ఆరిపోకుండా చూసుకున్నారు, తగాదా వస్తే ఇద్దర్నీ చెరోవైపు పంపి చల్లబడినాక కలిపినారు. అయితే వాళ్ళు ముందునుంచీ స్నేహితులు. ఎవరెవరినో తెచ్చి కుక్కిన హాస్టలుకూ దానికీ పోలిక సగమే.

తర్వాత వచ్చిన వార్డెను నీళ్ళ వంతులు మమ్మల్నే రాసుకోమన్నాడు. ఆరో తరగతోళ్ళకూ ఒక మాట ఉండాలని పట్టుబట్టినాడు. ఆయన సెలవు పెట్టినా వంతులు దాదాపుగా నడిచేవి. ట్యాంకరు సగం నీళ్ళతో వచ్చిన రోజు మాత్రం ఏ పట్టికా పని చేసేది కాదు. ఆ కొరతకు పెద్దోళ్ళే దారి చూడాల, పిల్లల క్రమశిక్షణ మీదికి తోస్తే కుదరదు.