బరువులెత్తితే ఎదుగుదల ఆగుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గాజువాక. పదహారేళ్ల మా అబ్బాయి లాంగ్ జంప్ సాధన చేస్తున్నాడు. ఇన్నాళ్లూ గ్రౌండులో పరుగులు, ఆర్కే బీచ్ ఇసుకలో గెంతడాలు చేయించిన కోచ్ ఈమధ్య బార్‌తో స్క్వాట్లు (బరువుల కడ్డీ భుజాల మీద పెట్టుకుని గుంజీల్లా కూర్చుని లేవడం) మొదలుపెట్టించారు. పొడవు పెరగడని ఇంట్లో పెద్దవాళ్లు, ఒళ్లు బిగుసుకుపోయి వేగం తగ్గుతుందని తెలిసినవాళ్లు అంటున్నారు. మాన్పించమంటారా?

సమాధానం: మాన్పించనక్కర్లేదు. ఎముకల చివర ఉండే గ్రోత్ ప్లేట్లు దెబ్బతిని పొడవు ఆగిపోతుందన్న భయం మన దగ్గర బాగా నాటుకుపోయింది గానీ, కోచ్ దగ్గరుండి సరైన భంగిమ నేర్పి, బరువును కొద్దికొద్దిగా పెంచుతూ చేయించే సాధన ఎదుగుదలను అడ్డుకుంటుందనడానికి ఆధారాలు లేవు. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా ఇదే చెబుతోంది. ఎవరూ లేనప్పుడు స్నేహితులతో పందెం వేసి ఎత్తే బరువుల సంగతి వేరు. అది మాత్రం ఖచ్చితంగా మాన్పించండి.

వేగం గురించిన అనుమానాన్ని అంత తేలిగ్గా కొట్టిపారేయలేం. దూకే ముందు కాలు మోపే పలక, అంటే టేకాఫ్ బోర్డు మీద పాదం ఆనేది సెకనులో దాదాపు పదో వంతు మాత్రమే. కండరం తన పూర్తి బలాన్ని బయటపెట్టడానికి అంతకు మూడు రెట్లో, ఇంకా ఎక్కువో సమయం కావాలి. అందుకే ఉన్న బలంలో ఎంత భాగాన్ని ఆ క్షణంలో వాడుకోగలడన్నది దూకే వాడికి ముఖ్యం. అయితే ఇంకా పెద్దగా బలం లేని కుర్రాళ్ల విషయంలో ముందు బలం పెంచుకోవడం వృథా కాదు. 2010లో కార్మీ, మెక్‌గైగన్, న్యూటన్ ప్రచురించిన పరిశోధనలో అలాంటి యువకులకు పది వారాలపాటు ఒక జట్టుతో భారీ స్క్వాట్లు, మరో జట్టుతో తేలిక బరువుతో గెంతే స్క్వాట్లు చేయించగా, దూకడంలోనూ పరుగులోనూ రెండు జట్లూ ఇంచుమించు సమానంగా మెరుగుపడ్డాయి. బలం మాత్రం మొదటి జట్టుకే ఎక్కువగా పెరిగింది.

వేగానికి నష్టం ఎక్కువగా వచ్చేది ప్రతి సెట్టునూ (ఆగకుండా వరసగా బరువెత్తే విడతను) ఓపిక అయిపోయేదాకా లాగించడం వల్ల. 2017లో వెలువడిన పరేహా-బ్లాంకో బృందం అధ్యయనంలో, బార్ లేచే వేగం 20 శాతం తగ్గగానే సెట్టు ఆపేసినవారు, 40 శాతం తగ్గేదాకా కొనసాగించినవారికంటే 40 శాతం తక్కువసార్లు బరువెత్తారు. ఎనిమిది వారాల తర్వాత బలం ఇద్దరికీ ఒకేలా పెరిగినా, నిలువుగా ఎగిరే ఎత్తు మొదటివారికి 9.5 శాతం, రెండోవారికి 3.5 శాతం మాత్రమే పెరిగింది. రెండోవారికి కండ మాత్రం బాగానే పెరిగింది. లాంగ్ జంపర్‌కు అదొక్కటే ఏం చేసుకోవడానికి?

వీలు చూసుకుని ఒకరోజు మీరే వెళ్లి పక్కన నిలబడి చూడండి. చివరి రెండు మూడు సార్లు లేచేటప్పుడు బార్ నత్తనడక నడుస్తున్నా, మోకాళ్లు లోపలికి వాలుతున్నా, మడమలు నేల వదులుతున్నా ఆ సెట్టు అప్పటికే ముగియాల్సింది. ఆ మాట కోచ్ గారితో మొహమాటపడకుండా మాట్లాడండి. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో విరామంతో చేస్తే చాలు. గెంతే వ్యాయామాలు అలసిపోకముందే చేయాలి. ఇసుక కీళ్లకు మెత్తగా ఉంటుంది, కానీ పాదం దిగబడి నేల మీద ఎక్కువసేపు నిలుస్తుంది కనుక గట్టి నేల మీద సాధనకు అది ప్రత్యామ్నాయం కాదు.

ప్రొటీన్ పౌడర్ల జోలికి ఇప్పుడే వెళ్లకండి. గుడ్లు, చేపలు, పప్పు, పెరుగు సరిపోతాయి. డబ్బా మీద రాయని నిషిద్ధ పదార్థం శరీరంలో బయటపడినా, డోపింగ్ నిబంధనల ప్రకారం బాధ్యత క్రీడాకారుడిదే. మోకాలిచిప్ప కింద ఎముక ఉబ్బి, నొక్కితే నొప్పి పుడుతుంటే అది ఎదిగే వయసులో వచ్చే ఆస్‌గుడ్-ష్లాటర్ సమస్య కావచ్చు. అలాంటప్పుడు గెంతడాలు తగ్గించి, ఎముకల వైద్యుడికి చూపించాకే సాధన పెంచాలి.