మొదటి నాత్సుమే కొనబోతున్న చిట్టికి

చిట్టికి పెద్దమ్మ ఆశీస్సులు.

జపనీస్ టీ క్లాసులో చేరి ఆరు నెలలైందని, ఇక సొంతంగా ఒక నాత్సుమే, అదే టీ పొడి వేసుకునే చిన్న మూత డబ్బా, కొనుక్కోవాలని ఉందని రాశావు. చాలా సంతోషం. నువ్వు పంపిన ఫొటోలు మూడూ చూశాను. ఆ బంగారు చెర్రీ పూలున్నది మాత్రం ఇప్పుడు కొనకు. దాన్ని వసంతంలో కొన్ని వారాలే బయటికి తీస్తావు, మిగతా ఏడాదంతా పెట్టెలోనే ఉంటుంది. పైగా బంగారు పొడి చల్లి చేసే ఆ మాకియే పని మీద పట్టుగుడ్డతో ఎంత ఒత్తి తుడవాలో తెలియడానికి చేతికి అలవాటు కావాలి. నున్నటి నల్లది, మధ్య సైజుది తీసుకో. ఎత్తూ వెడల్పూ ఆరున్నర సెంటీమీటర్లకు అటూఇటూగా ఉంటాయి. ఏ కాలంలోనైనా పనికొస్తుంది. టీ పద్ధతికి పెద్ద గురువైన సెన్ నో రిక్యూ (1522–1591) ఇష్టపడ్డదీ అలాంటి నలుపే.

నాత్సుమే అంటే రేగుపండు. మన గంగరేగు కాయను నిలబెట్టి చూడు, అదే ఆకారం. పల్చటి టీ కలిపేటప్పుడు మాచ్చా, అంటే మెత్తటి గ్రీన్ టీ పొడి, ఇందులో ఉంటుంది. చిక్కటి టీకి మాత్రం పట్టుసంచీలో ఉండే మట్టి భరిణె వాడతారు.

నువ్వు "లక్క డబ్బా" అని రాశావు. మన ఏటికొప్పాక బొమ్మలు గుర్తొచ్చి ఉంటాయి. కానీ అది వేరు, ఇది వేరు. ఏటికొప్పాకలో వాడేది లక్కపురుగులు కొమ్మల మీద పెట్టే జిగురు. తిరుగుతున్న కొయ్యకు లక్క కడ్డీ ఒత్తితే ఆ వేడికే కరిగి పట్టేస్తుంది. ఇక్కడ జపాన్‌లో పూసే ఉరుషి ఒక చెట్టు సొన. మామిడి, జీడిమామిడి కుటుంబానికి చెందిన చెట్టే. అందుకే పచ్చి ఉరుషి తగిలితే మామిడిసొన కన్నా ఘోరంగా దద్దుర్లొస్తాయి. చెట్టును 10-15 ఏళ్లు పెంచితే దక్కే సొన దాదాపు 200 గ్రాములే. ఇంకో సంగతి, ఉరుషి ఎండలో ఆరదు. 70-80 శాతం తేమ ఉన్న అల్మరాలో పెడితేనే గట్టిపడుతుంది. పూత పూసి, ఆరబెట్టి, రుద్ది, మళ్లీ పూత పూస్తారు. అందుకే నెలలు పడుతుంది.

తేమలో గట్టిపడిన వస్తువుకు ఎండా, పొడిగాలీ పడవు. నా మొదటి నాత్సుమేను మురిపెంగా కిటికీ పక్క షెల్ఫులో పెట్టాను. మధ్యాహ్నం ఎండ నేరుగా పడేది. కొన్నేళ్లకు ఒకవైపు మెరుపు పోయి గోధుమరంగుకు తిరిగింది. ఇప్పటికీ చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. నీ గదిలో ఏసీ, హీటర్ గాలి తగలని చోట, పెట్టెలోనే ఉంచు.

కొనేటప్పుడు లేబుల్ చదువు. చెక్క మీద అసలు ఉరుషి పూసినదా, ప్లాస్టిక్ మీద రంగు వేసినదా అన్నది అందులో ఉంటుంది. ప్రాక్టీసుకు ప్లాస్టిక్‌ది కొన్నా తప్పేం లేదు, కాకపోతే తెలిసి కొను. పాతది దొరికితే మూత పెట్టి చూడు. మంచి పనివాడు చేసినదైతే మూత టక్కున పడదు, లోపలి గాలిని నెమ్మదిగా వదులుతూ దిగుతుంది. తీసేటప్పుడు కూడా నిటారుగా, నిదానంగా ఎత్తు. గబుక్కున లాగితే పొడి ఎగురుతుంది.

కొత్తదానికి ఉరుషి వాసన ఉంటుంది. మూత తీసి నీడన కొన్నాళ్లు గాలి తగలనివ్వు. ఇక్కడి పెద్దవాళ్లు బియ్యం డబ్బాలో పెడతారు, నేనూ అదే చేస్తాను. మాచ్చాను జల్లించి, మధ్యలో చిన్న గుట్టలా పొయ్యి. నొక్కకు. పొడిని అందులో నిల్వ ఉంచకు, ఆ రోజుకు కావలసినంతే. పని అయ్యాక నీళ్లతో కడగొద్దు. మిగిలిన పొడి తీసేసి మెత్తటి గుడ్డతో తుడువు. వేలిముద్ర పడితే నోటి ఆవిరి పట్టి తుడిస్తే చాలు.

ముట్టుకునే ముందు ఉంగరం, వాచీ తీసెయ్యి. చేతిలోకి తీసుకుని చూసేటప్పుడు తాతామీ చాపకు దగ్గరగా, రెండు చేతులతో పట్టుకో. జారినా అంగుళం ఎత్తు నుంచే పడాలి.

ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేయకు, ఓసారి ఇటు రా. "చెక్కకు యామానాకా, పూతకు వాజిమా, మాకియేకు కనజావా" అని మా దగ్గరి మూడు ఊళ్ల గురించి ఇక్కడివాళ్ల మాట. 2024 జనవరి 1 భూకంపంలో వాజిమాలో ఎందరి వర్క్‌షాపులో కూలిపోయాయి, కాలిపోయాయి. మళ్లీ పని మొదలుపెట్టిన వాళ్ల దగ్గర నువ్వొకటి కొంటే నాకు ఎంతో తృప్తి. యామానాకాలో చెక్కను నిలువు పొర దారిన కోసి లేత్ మీద తిప్పుతారు. అందుకే అంత పల్చగా చేసినా వంకర పోదు, మూత కుదురుతుంది. అది కళ్లారా చూడాలి. 2024 మార్చి నుంచి షింకాన్‌సెన్ బుల్లెట్ రైలు యామానాకాకు దగ్గరి కాగా ఒన్‌సెన్ స్టేషన్‌లో ఆగుతోంది, అక్కడికి నేనొస్తాను.

వచ్చే ముందు గోళ్లు కత్తిరించుకో. దుకాణానికి వెళ్లేలోపు ఆ ఎండకు పాడైన నాత్సుమేను నీ చేతిలో పెడతాను, దాంతో రెండు రోజులు నా ముందు టీ కలుపు.

మీ పెద్దమ్మ