కేదార్‌కంఠ చలికి ముందు కింద పరిచేది కొనండి, టెంట్ సంగతి తర్వాత

మీ ప్రశ్న ఇది: జనవరి మొదటి వారంలో మీరు, మీ మిసెస్ హైదరాబాద్ నుంచి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం ట్రెక్‌కి వెళ్తున్నారు. ట్రెక్ మొదలయ్యే ఊరు సాంక్రిలో లోకల్ గైడ్‌ని పెట్టుకుని, సొంత టెంట్‌లో పడుకోవాలని ఉంది. మొత్తం 40 వేలు పెట్టగలరు. 22 వేల టెంట్ ఒకటి నచ్చింది. మిగిలిన డబ్బుతో ఏ స్లీపింగ్ బ్యాగ్‌లు, ఏ మ్యాట్‌లు తీసుకోవాలి అని అడిగారు.

నేను ఆ దారిలో రెండుసార్లు మంచు మీద పడుకున్నాను. మొదటిసారి రాత్రంతా వణికాను. రెండోసారి అలారం మోగేదాకా లేవలేదు. రెండుసార్లూ టెంట్ ఒకటే. అందుకే చెప్తున్నాను, ఆ 22 వేల టెంట్ ఇప్పుడు కొనకండి.

మొదటిసారి నేను, మా బావమరిది డిసెంబర్ చివర్లో వెళ్లాం. మొదటి రాత్రి జూడా కా తాలాబ్ దగ్గర, సుమారు 9,100 అడుగులు. చెరువు పైన గట్టిగా గడ్డకట్టి ఉంది. మా దగ్గర మంచి టెంట్ ఉంది. ఇంటికి చుట్టాలొస్తే వేసే గాలి పరుపులు రెండు ఉన్నాయి. కవర్ మీద పెద్ద అక్షరాలతో మైనస్ 15 అని రాసి ఉన్న స్లీపింగ్ బ్యాగ్‌లు ఉన్నాయి. ఇంకేం కావాలి అనుకున్నాం.

పది దాటేసరికి వీపు చల్లబడటం మొదలైంది. ఛాతీ మీద, పొట్ట మీద పర్వాలేదు. పరుపుకి ఆనిన చోట మాత్రం తడి గుడ్డ పరిచి పడుకున్నట్టు ఉంది. ఒక పక్కకి తిరిగితే ఆ భుజం, ఇంకో పక్కకి తిరిగితే ఈ తుంటి. మా బావమరిది రక్‌శాక్ (వీపుకి తగిలించుకునే సంచి) ఖాళీ చేసి నడుము కింద వేసుకున్నాడు, నేను రెయిన్‌కోటు, మిగిలిన బట్టలు అన్నీ వీపు కింద దోపుకున్నాను. మూడు గంటలకి ఇద్దరం లేచి కూర్చున్నాం. తెల్లారి గైడ్ వచ్చి, మా మొహాలు చూసి, ఏమీ అడక్కుండా లోపలికి చెయ్యి పెట్టి పరుపు నొక్కి చూశాడు. పక్క క్యాంపులో అడిగి రెండు మామూలు ఫోమ్ మ్యాట్‌లు తెచ్చిచ్చాడు. ఆ రాత్రి బేస్ క్యాంపులో, 11,250 అడుగుల దగ్గర, నా చిన్న థర్మామీటర్ మైనస్ 9 చూపించింది. ముందు రాత్రి కంటే చలి ఎక్కువ. అయినా నాలుగైదు గంటలు నిద్ర పట్టింది. బ్యాగ్ అదే, ఒంటి మీద బట్టలు అవే. మారింది కింద వేసింది ఒక్కటే.

మా అమ్మమ్మ చలికాలంలో నులక మంచం మీద ముందు గోనెపట్టా పరిచి, దాని మీద బొంత వేసి, అప్పుడు మమ్మల్ని పడుకోమనేది. కింద నుంచి గాలి కొడితే పైన ఎన్ని దుప్పట్లు కప్పినా లాభం లేదు అనేది. గాలి పరుపు విషయం కూడా అచ్చంగా ఇదే. లోపల ఖాళీగా ఉన్న గాలి అటూ ఇటూ తిరుగుతూ ఒంటి వేడిని నేలకి చేరవేస్తుంది. పైగా స్లీపింగ్ బ్యాగ్ ఎంత ఖరీదైనదైనా మన బరువు కింద పడిన భాగం అణిగి పల్చబడిపోతుంది, ఆ వైపు అది దాదాపు ఏ పనీ చెయ్యదు. వీపుని కాపాడేది మ్యాట్ ఒక్కటే.

మ్యాట్ కొనేటప్పుడు ఆర్-వాల్యూ చూడండి. వేడిని కిందికి పోకుండా ఎంత ఆపుతుందో చెప్పే అంకె అది. ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే పద్ధతిలో కొలిచిన అంకె అయితే ఒక కంపెనీ మ్యాట్‌ని ఇంకో కంపెనీ మ్యాట్‌తో పోల్చుకోవచ్చు. అసలు ఆర్-వాల్యూ రాయని మ్యాట్‌ని మంచు కోసం కొనవద్దు. మంచు మీద పడుకోవడానికి మొత్తం 5 దాకా ఉంటే నిశ్చింత. ఇందులో మనకి కలిసొచ్చే విషయం ఏమిటంటే, ఒకదాని మీద ఒకటి వేస్తే ఆర్-వాల్యూలు కూడుతాయి. థర్మారెస్ట్ వాళ్ల మడత ఫోమ్ మ్యాట్ జెడ్ లైట్ సోల్‌ది 2. దాని మీద 3 ఉన్న ఇన్సులేటెడ్ గాలి మ్యాట్ వేస్తే 5 అయిపోతుంది. నేను రెండోసారి చేసింది ఇదే, కింద ఫోమ్, పైన గాలి మ్యాట్. గాలి మ్యాట్‌కి చిల్లు పడినా ఫోమ్ ఉంటుంది కాబట్టి ఆ రాత్రి గడిచిపోతుంది. అర్ధరాత్రి మైనస్ 9లో పంక్చర్ వెతకడం కుదిరే పని కాదు. ఫోమ్ మ్యాట్ రక్‌శాక్ బయట కట్టుకోవచ్చు, మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడు మంచు మీద వేసుకుని కూర్చోవచ్చు కూడా.

ఇక బ్యాగ్. కవర్ మీద మైనస్ 15 అని ఉందని చెప్పాను కదా. ఇంటికొచ్చాక లోపల కుట్టిన చిన్న ట్యాగ్ చదివితే మూడు అంకెలు ఉన్నాయి: కంఫర్ట్ 4, లిమిట్ మైనస్ 1, ఎక్స్‌ట్రీమ్ మైనస్ 15. ఐఎస్ఓ 23537 ప్రమాణం ప్రకారం పరీక్షించిన బ్యాగ్‌లకి ఈ అంకెలు ఇస్తారు. కంఫర్ట్ అంటే ఒక సగటు స్త్రీ కాళ్లు చాపుకుని హాయిగా నిద్రపోగలిగే ఉష్ణోగ్రత. లిమిట్ అంటే సగటు పురుషుడు ముడుచుకుని పడుకుని ఎలాగోలా తట్టుకోగలిగేది. ఎక్స్‌ట్రీమ్ అంటే అక్కడ నిద్ర మాటే లేదు, ప్రాణం నిలబెట్టుకోవడం గురించి మాత్రమే. దాన్ని నిద్రకి పనికొచ్చే అంకె అనుకుని కొన్నాను. మీరు కంఫర్ట్ అంకె తప్ప ఇంకేదీ చూడవద్దు. ఈ పరీక్ష కూడా ఒంటి మీద బట్టలు, కింద మంచి మ్యాట్ ఉన్నాయన్న లెక్కతోనే చేస్తారు, అందుకే మ్యాట్ ముందు అంటున్నాను.

జనవరిలో కేదార్‌కంఠ బేస్‌లో మైనస్ 10కి అటూ ఇటూగా పడిపోతుందని లెక్కేసుకోండి, గాలి, మేఘాలు లేని రాత్రి ఇంకా కిందకి పోవచ్చు. మీ మిసెస్‌కి కంఫర్ట్ మైనస్ 10 బ్యాగ్ చూడండి. మీకు చలి పెద్దగా అనిపించదనుకుంటే కంఫర్ట్ మైనస్ 5, దాంతో పాటు డౌన్ జాకెట్ (పక్షుల మెత్తటి ఈకలు నింపినది) వేసుకుని పడుకోవడం సరిపోవచ్చు. చలి ఎక్కువ అనిపించే మనిషికే వెచ్చటి బ్యాగ్ ఇవ్వాలి, ఇద్దరికీ ఒకటే ఉండాలన్న రూల్ లేదు.

డౌన్ మంచిదా, సింథటిక్ మంచిదా అంటే ఈ ట్రెక్‌కి నా ఓటు డౌన్‌కే. దూది పరుపు ఎండలో వేస్తే ఎలా ఉబ్బుతుందో చూసే ఉంటారు. వెచ్చదనం దూదిలో లేదు, ఆ ఉబ్బులో చిక్కుకున్న గాలిలో ఉంది. డౌన్ అంటే బాతు, గూస్ (పెద్దబాతు)ల మెత్తటి ఈకలు, అవి తక్కువ బరువుతో ఎక్కువ ఉబ్బుతాయి. ఫిల్ పవర్ 650, 800 అని రాసేది ఆ ఉబ్బు గురించే. కాకపోతే తడిస్తే డౌన్ ముద్ద అయిపోతుంది, సింథటిక్ తడిసినా కొంత వెచ్చగా ఉంటుంది. జనవరిలో పైన పడేది పొడి మంచు కాబట్టి, బ్యాగ్‌ని వాటర్‌ప్రూఫ్ సంచిలో పెట్టి జాగ్రత్తగా మోస్తే డౌన్‌తో ఇబ్బంది రాదు. ఇంటికొచ్చాక దాన్ని ఆ చిన్న సంచిలోనే కుక్కి అటక మీద పడెయ్యకండి, ఉబ్బే గుణం పోతుంది. పెద్ద కాటన్ సంచిలో వదులుగా పెట్టండి.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు. చలి అని నాలుగు స్వెట్టర్లు, రెండు జీన్సులు వేసుకుని బ్యాగ్‌లో ఇరుక్కుంటారు. లోపల నుంచి తోసేసరికి బ్యాగ్ ఉబ్బు అణిగిపోతుంది. వదులైన పొడి థర్మల్స్, మంకీ క్యాప్, పొడి ఉన్ని సాక్సులు చాలు. పగలు నడిచిన సాక్సులతో పడుకోకండి, పొడిగా కనిపించినా వాటిలో చెమట ఉంటుంది. జాకెట్ వేసుకుంటే అది లోపల నలగనంత చోటు బ్యాగ్‌లో ఉండాలి. ముక్కు, నోరు మాత్రం బయటే ఉండాలి. లోపలికి ఊపిరి వదిలితే ఆ తేమంతా ఈకల్లోకి పోతుంది.

తేమ గురించి ఇంకా చెప్పాలి, ఎందుకంటే ఫోమ్ దొరికిన రెండో రాత్రి మేం చేసిన తప్పు అదే. చలికి భయపడి టెంట్ జిప్పులన్నీ, పైనున్న గాలి కిటికీలన్నీ మూసేశాం. ఇద్దరి ఊపిరి ఎక్కడికి పోతుంది? టెంట్ లోపలి గుడ్డకి అంటుకుని గడ్డకట్టింది. శిఖరానికి బయల్దేరదామని తెల్లవారుజామున లేచేసరికి, కదిలినప్పుడల్లా మొహం మీద సన్నటి మంచు రాలింది. ఎండ వచ్చాక ఆ మంచు కరిగి బ్యాగ్‌ల మీద పడింది. మేం దిగేసరికి రెండు బ్యాగ్‌లూ పైన తడిసి ఉన్నాయి. ఇంకో రాత్రి అక్కడ ఉండాల్సి వస్తే ఏం చేసేవాళ్లమో. రెండోసారి ఎంత చలిగా ఉన్నా పై కిటికీలు రెండూ తెరిచే ఉంచాం, పొద్దున లోపల మంచు చాలా తక్కువ.

టెంట్ వెచ్చదనం ఇవ్వదు. గాలిని ఆపుతుంది, పడే మంచుని ఆపుతుంది, అంతే. అందుకే మొదటిసారి టెంట్ అద్దెకు తీసుకోండి, సాంక్రిలో ట్రెక్ సామాన్లు అద్దెకిచ్చే వాళ్లున్నారు. చూసుకోవాల్సినవి: రెండు పొరలు ఉండాలి, లోపలి పొర దోమతెరలా వలతో కాకుండా గుడ్డతో ఉండాలి, బయటి పొర నేల దాకా దిగాలి, కడ్డీలు అల్యూమినియంవి కావాలి. ఫైబర్‌గ్లాస్ కడ్డీలు చలికి పెళుసెక్కి విరుగుతాయి. ఇద్దరే అయినా ముగ్గురు పట్టే టెంట్ తీసుకోండి, బూట్లు, రక్‌శాక్‌లు లోపలే పెట్టుకోవాలి. స్లీపింగ్ బ్యాగ్‌లు కూడా అద్దెకు తీసుకునే పనైతే విప్పి పరిచి పావుగంట ఆగండి. ఉబ్బకపోయినా, వెలుతురుకి పట్టుకుంటే మధ్యలో ఖాళీలు కనిపించినా వద్దని చెప్పండి.

టెంట్ తాళ్లు కట్టే మామూలు మేకులు మెత్తటి మంచులో నిలవవు. చిన్న గుడ్డ సంచుల్లో మంచు నింపి, తాడు కట్టి, అడుగు లోతున పాతిపెట్టి పైన తొక్కితే కాసేపట్లో రాయిలా బిగుసుకుంటుంది. టెంట్ వెయ్యకముందే ఆ చోటంతా బూట్లతో తొక్కి చదును చేసి అరగంట వదిలెయ్యండి. లేకపోతే రాత్రి ఒంటి వేడికి గుంటలు పడతాయి. చల్లటి గాలి బరువెక్కి పల్లానికి దిగుతుంది కాబట్టి లోయ అడుగున వెయ్యొద్దు, కొంచెం ఎత్తులో, చెట్ల చాటున చూసుకోండి. కొమ్మల మీద మంచు బరువుగా వేలాడుతున్న చెట్టు కింద మాత్రం వద్దు. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాల్‌ల మీద, అంటే ఎత్తైన పచ్చిక మైదానాల మీద రాత్రి బస వద్దని ఆదేశించింది. ఎక్కడ టెంట్ వెయ్యొచ్చో గైడ్‌ని, పర్మిట్ తీసుకునేటప్పుడు ఫారెస్ట్ వాళ్లని అడిగి తెలుసుకోండి.

ఎంత చలేసినా సరే టెంట్ లోపల స్టవ్ వెలిగించొద్దు, బొగ్గుల కుంపటి పెట్టొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. ఈ ఒక్క మాట మీ మిసెస్‌కి కూడా చెప్పండి. గ్యాస్ సిలిండర్ విమానంలో ఎక్కించరు, డెహ్రాడూన్‌లో కొనుక్కోండి. అది కూడా ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసినది తీసుకోండి. ఉత్త బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి అవడం మానేస్తుంది, స్టవ్ వెలగదు.

పడుకునే ముందు బయటే నీళ్లు మరగబెట్టి, గట్టి మూత ఉన్న సీసాలో పోసి, సాక్సులో దోపి తొడల మధ్య పెట్టుకోండి. పొద్దునకి అవే తాగే నీళ్లు, గడ్డకట్టకుండా ఉంటాయి. ఫోన్, పవర్‌బ్యాంక్, నీళ్ల ఫిల్టర్ కూడా బ్యాగ్ లోపలే. సన్నటి గొట్టాలుండే ఫిల్టర్ ఒక్కసారి గడ్డకట్టిందంటే పాడైనట్టే, బయటికి తెలియదు. పడుకునే ముందు పప్పన్నంలో నెయ్యి కాస్త ఎక్కువే వేసుకోండి, ఒంటికి వేడి పుట్టించే సరుకు అది. బద్ధకించకుండా ఒకసారి బయటికి వెళ్లొచ్చి పడుకోండి.

డబ్బు లెక్క నా వరకు ఇలా వేస్తాను. ముందు ఇద్దరికీ ఫోమ్, గాలి మ్యాట్‌లు. తర్వాత మీ మిసెస్‌కి మంచి డౌన్ బ్యాగ్. మిగిలితే మీ బ్యాగ్, లేకపోతే అది అద్దెకు. టెంట్ అద్దె.

వెళ్లేలోపు, డిసెంబర్‌లోనే ఒక శని, ఆదివారం లంబసింగి వెళ్లండి. హైదరాబాద్ నుంచి దూరం అనుకుంటే ఆదిలాబాద్ వైపు ఏదైనా ఊళ్లో, అనుమతి తీసుకుని టెంట్ వేసుకోండి. అక్కడ రాత్రి 5 డిగ్రీల దాకా పడినప్పుడు ఇవే మ్యాట్‌లు, ఇవే బ్యాగ్‌లతో పడుకోండి. కంఫర్ట్ మైనస్ 10 బ్యాగ్‌లో 5 డిగ్రీలకి ఉక్కపోసి జిప్పు తియ్యాలి. అలా కాకుండా అక్కడే వీపు చల్లబడిందంటే మ్యాట్ మార్చండి. కాళ్లు చల్లబడితే బ్యాగ్ మీకంటే పొడవుగా ఉందేమో చూడండి, అడుగున మిగిలిన ఖాళీలో డౌన్ జాకెట్ కుక్కి ఇంకోసారి పడుకుని చూడండి.